సింగ్‌నగర్ ఇల్లు: జాకీలు పెట్టి లేపించాలా, అమ్మేసి వెళ్ళిపోవాలా?

బెజవాడబాబు
9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఇక్కడ ఏమీ రాయలేదు. ఇప్పుడు మీ సలహా అవసరం పడింది.

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా ఇల్లు. 120 గజాల స్థలం, రిజిస్టర్డ్ డాక్యుమెంటే, పట్టా భూమి గొడవ లేదు. నాన్న 1994లో కట్టించారు. కింద ఒక్కటే, 850 అడుగులు, రెండు పోర్షన్లు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల గోడల మీద శ్లాబు. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఒక పోర్షన్‌లో అమ్మ (68 ఏళ్ళు) ఒక్కతే ఉంటుంది. రెండోదాంట్లో అద్దెకుండేవాళ్ళు వరద తర్వాత ఖాళీ చేసి వెళ్ళిపోయారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. చెల్లెలు రాజమండ్రిలో ఉంటుంది, తనకి ఈ ఆస్తి మీద ఆశేమీ లేదు.

సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు అమ్మ ఎదురింటివాళ్ళ మేడ మీద ఐదు రోజులుంది. నీళ్ళు తీశాక హాల్లో టేపు పెట్టి కొలిచాను. గచ్చు నుంచి గోడ మీద గీత దాకా 4 అడుగుల 10 అంగుళాలు. ఫైరింజన్ వచ్చి బురద కడిగింది. కింది ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు వచ్చాయి, ఫ్రిజ్జుకీ పరుపులకీ సరిపోయాయి. సంక్రాంతికి రంగులు వేయించాను. నెల తిరక్కుండానే పెచ్చులు లేచిపోతున్నాయి.

ఒకాయన వచ్చి ఇల్లు మొత్తం నాలుగడుగులు జాకీలతో లేపుతానంటున్నాడు. మా ఆవిడ అమ్మేసి పోరంకి వైపు ఫ్లాట్ తీసుకుందామంటోంది. నాకేమో అమ్మని హైదరాబాద్ తీసుకొచ్చేస్తే గొడవే ఉండదని. మబ్బు పట్టిన రోజల్లా ఫోన్ చేయాలంటే టెన్షన్. ఏం చేయమంటారు?

డాలస్‌తెలుగు
10 ఫిబ్రవరి, తెల్లవారుజాము 2:15

అమ్మేయండి. ఆలోచించడానికేముంది? ఒకసారి మునిగిన చోటు మళ్ళీ మునుగుతుంది. సెంటిమెంట్ పెట్టుకుంటే డబ్బూ పోతుంది, మనశ్శాంతీ పోతుంది.

వన్‌టౌన్_మూర్తి
10 ఫిబ్రవరి, ఉదయం 7:05

డాలస్‌లో కూర్చుని సింగ్‌నగర్ ఇల్లు అమ్మేయడం చాలా తేలిక బాబూ. కొనేవాడు కూడా అక్కడే దొరుకుతాడేమో చూడు.

బెజవాడబాబు గారూ, మీ ఏరియాలో వరదకి ముందు గజం ఎంత చెప్పేవారు, ఇప్పుడెంత అడుగుతున్నారు? అది రాయకుండా అమ్మాలా వద్దా అంటే ఎవరూ చెప్పలేరు.

బెజవాడబాబు
10 ఫిబ్రవరి, ఉదయం 9:30

మా వీధిలో 50 వేల దాకా చెప్పేవారండీ. ఇప్పుడు వచ్చినవాళ్ళు 36, 38 అంటున్నారు. ఒకాయన లోపలికి రాగానే నేరుగా గోడ దగ్గరికెళ్ళి గీత ఎక్కడ అని అడిగాడు. రంగు వేయించినా గీత తెలుస్తూనే ఉంది.

సైటు_శ్రీను
10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:20

నేను గుంటూరులో సివిల్ ఇంజనీర్ని. మీరు చేసిన మొదటి తప్పు సంక్రాంతికి రంగులు వేయించడం. పది రోజులు నీళ్ళు తాగిన ఇటుక గోడ ఆరడానికి ఒక ఎండాకాలం పడుతుంది. లోపలి తడి బయటికొస్తూ ఉప్పుని మోసుకొస్తుంది. పైన పుట్టీ, పెయింటు వేసి దారి మూసేస్తే అది పొక్కులుగా తన్నుకొస్తుంది. గీతకి అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టించేసి, ఇటుక కనపడేలా మే నెల దాకా వదిలేయండి. చూడ్డానికి బాగోదు, పర్లేదు.

ఇల్లు లేపడం గురించి ఒక ప్రశ్న. గోడల కింద ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ అడుగున పోసే కాంక్రీటు దూలం) ఉందా? 1994లో తొమ్మిదంగుళాల గోడలతో కట్టిన ఇళ్ళలో చాలావాటికి ఉండదు, రాతి పునాది మీద నేరుగా ఇటుక మొదలవుతుంది. అది తెలియకుండా ఎవరితోనూ బేరం మాట్లాడకండి.

కాలవగట్టు
10 ఫిబ్రవరి, రాత్రి 8:50

అన్నా, మాది భీమవరం. 2019లో మేం మూడున్నర అడుగులు లేపించాం, కళ్ళారా చూసింది చెబుతాను.

పని చేసేవాళ్ళు హర్యానా నుంచి వచ్చారు. ఇంటి చుట్టూ, గదుల్లోపల కూడా పునాది దాకా తవ్వుతారు. గోడ కింద మూరెడు మూరెడు ఇటుక తీస్తూ ఇనప చానెళ్ళు దూర్చి, వాటి కింద జాకీలు పెడతారు. మా ఇంటికి నూటఎనభై దాకా పట్టాయి. పని మొదలయ్యాక మేస్త్రీ మధ్యలో నిలబడి విజిల్ వేస్తాడు. ప్రతివాడూ తన వాటా జాకీలన్నీ ఒక్కో పావు చుట్టు తిప్పుతాడు. మళ్ళీ విజిల్. మా నాన్న గుమ్మం మీద నిండా నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు పెట్టాడు, తొణికితే పని ఆపేయమంటానని. తొణకలేదు. ఆ మాట ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంటాడు.

అంతవరకూ బాగానే ఉంది. ఎవరూ ముందు చెప్పని సంగతి ఏంటంటే, పైకి లేచేది గోడలూ శ్లాబూ మాత్రమే. గచ్చు కిందే ఉండిపోతుంది. మీ 850 అడుగులకి నాలుగడుగులంటే గోడలు పోను మూడు వేల ఘనపుటడుగుల గ్రావెల్ నింపాలి. ట్రాక్టర్‌కి వంద చొప్పున ముప్పై ట్రాక్టర్ల లోడు. దాన్ని తడిపి దిమ్మిస కొట్టాలి, మళ్ళీ టైల్స్. బాత్రూముల పైపులు, డ్రైనేజీ, మోటారు లైను, మెట్లు, ప్రహరీ, గేటు అన్నీ కొత్తవే. లేపినందుకు ఎంత ఇచ్చామో, లేపాక ఇంచుమించు అంతకంత అయింది. నాలుగు నెలలు వేరే అద్దె. కిటికీ మూలల్లో నెర్రెలు వచ్చాయి, పూడ్పించాం.

మాకు లాభించింది. మా బాధ రోడ్డు ఎత్తయిపోయి వానొస్తే మోకాటి లోతు రావడమే. నది కాదు.

వన్‌టౌన్_మూర్తి
10 ఫిబ్రవరి, రాత్రి 9:25

చివరి రెండు వాక్యాలూ జాగ్రత్తగా చదవండి బెజవాడబాబు గారూ. మీ హాల్లోకి వచ్చింది 4 అడుగుల 10 అంగుళాలు. ఆయన లేపేది నాలుగు. అన్నీ పోసి లేపించాక, అదే వరద మళ్ళీ వస్తే ఇంట్లో పది అంగుళాల నీళ్ళు. పరుపు తడవదేమో గానీ చీపురుపుల్ల దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ బురదే.

బెజవాడబాబు
10 ఫిబ్రవరి, రాత్రి 9:40

నిజమే మూర్తి గారూ. ఆ లెక్క ఇప్పటిదాకా వేయలేదు. సిగ్గుగా ఉంది. రోడ్డు సంగతి కూడా ఉంది. నాన్న కట్టినప్పుడు ఇంట్లోకి మూడు మెట్లు ఎక్కేవాళ్ళం. పాత రోడ్డు గీకకుండా పైపైనే వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఒక మెట్టు దిగాలి.

ఈశాన్యం_గారు
11 ఫిబ్రవరి, ఉదయం 6:30

రోడ్డు కన్నా ఇల్లు పల్లంలో ఉండటం వాస్తు ప్రకారం అరిష్టం. అమ్మకమే మంచిది. కొనబోయే ఫ్లాట్ తూర్పు సింహద్వారం అయితే శుభం.

కాలవగట్టు
11 ఫిబ్రవరి, ఉదయం 7:10

సింగ్‌నగర్ మొత్తానికీ ఒకేసారి వాస్తు పాడైందా గురువుగారూ 😀

లెక్కల_మాష్టారు
11 ఫిబ్రవరి, ఉదయం 11:00

పోరంకి ఫ్లాట్ లెక్క వేద్దాం. ఇంటిని 38 చొప్పున అమ్మితే సుమారు 45 లక్షలు. కొత్త ఫ్లాట్ 60 లక్షలనుకుంటే రిజిస్ట్రేషన్ ఖర్చే 7.5 శాతం, నాలుగున్నర లక్షలు. కట్టడం పూర్తికాని ఫ్లాట్ అయితే జీఎస్టీ 5 శాతం అదనం. తేడాకి లోన్ తీసుకోవాలి. పాత పద్ధతిలో టాక్స్ కట్టేవారైతే, సొంతానికి ఉండే ఇంటి కొనుగోలు లోన్ మీద వడ్డీ ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. అదే రిపేర్ల లోన్ అయితే 30 వేలే. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

అమ్మకం లాభం మీద పన్నుకి భయపడక్కర్లేదు. 2001కి ముందు కట్టిన ఇల్లు కాబట్టి 1 ఏప్రిల్ 2001 నాటి విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. రెండేళ్ళలో ఆ లాభంతో మరో ఇల్లు కొంటే పన్ను ఉండదు.

అయితే ఒకటి అడగాలి. మీ నాన్నగారు వీలునామా రాశారా? స్వార్జితమై వీలునామా లేకుండా పోతే అమ్మగారికి, మీకు, మీ చెల్లెలికి తలా మూడో వంతు. మీరు మొదటి పోస్టులో చెల్లెలికి ఆశ లేదని రాశారు. ఆశ ఉండటం వేరు, హక్కు ఉండటం వేరు. ఆవిడ సంతకం లేకుండా ఆ ఇల్లు అమ్ముడుపోదు.

పద్మ_కూకట్‌పల్లి
11 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:45

అమ్మగారిని హైదరాబాద్ తెచ్చేద్దామంటున్నారు కదా, మా అత్తగారి సంగతి చెబుతాను. తెనాలి నుంచి తీసుకొచ్చాం, పదకొండో అంతస్తు. మాకు ఏ లోటూ చేయాలని లేదు. ఆవిడకి మాత్రం పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా తలుపు వేసుకుని కూర్చోవడమే పని. లిఫ్టులో బటన్ నొక్కడం నేర్పాం, ఒకసారి మధ్యలో ఆగిపోయింది, ఇక దిగలేదు. కొరియర్ కుర్రాడు వస్తే లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చేది. అతనితో మాట్లాడటానికే. ఏడు నెలలు ఉండి వెళ్ళిపోయారు. మా ఆయన ఇప్పటికీ నేను సరిగ్గా చూసుకోలేదనుకుంటారు, అది వేరే కథ.

మీ అమ్మగారు ఏమంటున్నారు? ఎక్కడా రాయలేదు.

బెజవాడబాబు
11 ఫిబ్రవరి, సాయంత్రం 6:20

అమ్మ ఏమంటుంది అక్కా, నీ ఇష్టం నాన్నా అంటుంది.

డాలస్‌తెలుగు
12 ఫిబ్రవరి, తెల్లవారుజాము 3:00

మూర్తి గారు, నేను తేలిగ్గా అనలేదు. మాది కృష్ణా నది ఒడ్డున కృష్ణలంక. 2019లో నీళ్ళొచ్చినప్పుడు మా పెదనాన్న వాళ్ళు రెండు బిందెలు, ఒక ట్రంకు పెట్టెతో బయటికొచ్చారు. ఆ భయం తెలుసు కనుకే చెప్పాను.

వన్‌టౌన్_మూర్తి
12 ఫిబ్రవరి, ఉదయం 8:15

క్షమించు బాబూ, నోరు జారాను. కానీ మీ కృష్ణలంకే నా వాదనకీ పనికొస్తుంది. 2024లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అంత ఎప్పుడూ రాలేదు. ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ (వరదని ఆపే గోడ) ఉండబట్టి కృష్ణలంక నిలబడింది. నది ఇటు, కృష్ణలంక అటు. ఎక్కడో కొండపల్లి దగ్గర బుడమేరు డైవర్షన్ కాలవకి మూడు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. నిన్నటిదాకా మునిగే పేట రేపు మునక్కపోవచ్చు, తిరగబడనూ వచ్చు.

పోరంకి సరే, రేటు తక్కువని ఎనికేపాడు, నిడమానూరు వైపు చూపిస్తారు బ్రోకర్లు. సింగ్‌నగర్ దాటిన బుడమేరు అటు మీదుగానే కొల్లేరుకి పోతుంది. దాన్నుంచి పారిపోయి దాని ఒడ్డునే కొనుక్కునేరు.

రాజమండ్రి_చిట్టి
13 ఫిబ్రవరి, రాత్రి 11:10

ఈ చర్చ లింకు మా వదిన పంపింది. ఆస్తి మీద ఆశ లేని చెల్లెల్ని నేనే.

అన్నయ్యా, నాకు ఆశ లేదని ఊరందరికీ చెప్పే ముందు నన్నొక మాట అడగాల్సింది. నేను వాటా అడగను, అది నా ఇష్టం. కానీ అడగనని నువ్వు అనుకోవడం వేరు.

అమ్మ "నీ ఇష్టం నాన్నా" అంటుందా? నాతో ఏమంటుందో చెప్పనా? మబ్బు పడితే బియ్యం డబ్బా మంచం మీద, మంచం కాళ్ళ కింద ఇటుకలు. డాక్యుమెంట్లు, నాన్న ఫోటో, మందుల సంచీ అటక మీదే ఉంటాయి ఇప్పుడు, రోజూ బీపీ మాత్రకి స్టూలు ఎక్కుతోంది. నీళ్ళకి భయం లేదంటుంది. 2005లో కూడా చూశాను, వస్తాయి పోతాయి అంటుంది. భయమల్లా రాత్రి పూట కరెంటు పోయి, ఎదురింటివాళ్ళ మెట్లు వెతుక్కుంటూ చీకట్లో నడుం లోతు నీళ్ళలో నడవడమే. ఇంకోళ్ళ మేడ మీద ఐదు రోజులు, వాళ్ళ బాత్రూమ్, వాళ్ళ అన్నం. వాళ్ళు మంచివాళ్ళే. అయినా అమ్మ రెండు రోజులు ఏమీ తినలేదు, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని.

"మనకే పైన ఒక గది ఉంటే చాలు కదే" అంది. అక్టోబర్‌లోనే అంది. నీకు చెప్పమన్నాను. వాడికి ఇప్పటికే ఖర్చులు అంది.

పద్మ_కూకట్‌పల్లి
13 ఫిబ్రవరి, రాత్రి 11:25

🙏

బెజవాడబాబు
14 ఫిబ్రవరి, ఉదయం 6:05

చిట్టీ, తప్పు నాదే. సాయంత్రం ఫోన్ చేస్తాను.

శ్రీను గారూ, పిల్లర్లు లేని ఇంటి మీద పైన గది వేయొచ్చా?

సైటు_శ్రీను
14 ఫిబ్రవరి, ఉదయం 10:30

చూడకుండా వేయొచ్చని రాస్తే నన్ను నమ్మొద్దు. తొమ్మిదంగుళాల గోడల మీద ఒక అంతస్తు మామూలుగా మోస్తుంది, మన ఊళ్ళలో అలాంటివి చాలా ఉన్నాయి. మీ గోడలు వరద తాగినవి కాబట్టి ముందు చూడాల్సినవి ఉన్నాయి.

రెండు మూలల్లో పునాది దాకా గొయ్యి తవ్వించి వెడల్పు, లోతు కొలిపించండి. అక్కడ నల్లరేగడా, ఇసుక నేలా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. శ్లాబు కింద చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్ళండి. టంగ్‌మంటే మంచిది, డొల్ల చప్పుడొస్తే లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బిందన్నమాట. తర్వాత కాంక్రీటు గట్టిదనం తెలిసేలా రీబౌండ్ హామర్ టెస్టు, అల్ట్రాసోనిక్ టెస్టు చేయించండి. మామూలు ఇంటికి పెద్ద ఖర్చు కాదు. ఇవి చేయకుండా రంగుల మీద పెట్టిన డబ్బుతో ఆ పని అయిపోయేది, తిడుతున్నానని అనుకోకండి.

పై గోడలు కచ్చితంగా కింది గోడల మీదే రావాలి, శ్లాబు మధ్యలో లేపకూడదు. మామూలు ఇటుక బదులు ఏఏసీ బ్లాకులు (తేలికపాటి కాంక్రీటు దిమ్మలు) వాడితే బరువు తగ్గుతుంది. కార్పొరేషన్ ప్లాన్ అప్రూవల్ తీసుకోండి. ఇంకొకటి, ఎవరో ఒకరు కింద గోడలు తీసేసి పార్కింగ్‌లా వదిలేయండి, నీళ్ళు పారిపోతాయంటారు. పిల్లర్లు లేని ఇంట్లో గోడే పిల్లర్. ముట్టుకోవద్దు.

మా వాళ్ళు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. రిపేర్ల ఖర్చు కొత్తగా కట్టేదాంట్లో సగం దాటితే రిపేరు మానేసి పడగొట్టు అని. మీది అంత దాకా వెళ్ళదనే నా ఊహ.

లెక్కల_మాష్టారు
14 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:15

ఏది చేసినా ఇన్సూరెన్స్ తీసుకోండి. భారత్ గృహ రక్ష అని అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే షరతులతో ఇస్తాయి, 2021 ఏప్రిల్ నుంచి ఉంది. వరద కూడా అందులోనే. ఇంట్లో సామానుకి విడిగా లిస్టు ఇవ్వకపోయినా, ఇంటికి తీసుకున్న మొత్తంలో 20 శాతం దాకా, 10 లక్షలకి మించకుండా, కవర్ అవుతుంది. కారుకి ఏటా కడతాం, ఇంటికి ఒక్కడూ కట్టడు.

డాలస్‌తెలుగు
15 ఫిబ్రవరి, తెల్లవారుజాము 1:40

పై గది మంచిదే. కానీ మొన్న మేడల మీద ఉన్నవాళ్ళు కూడా పాలు, మంచినీళ్ళు లేక అల్లాడారు. డ్రోన్లతో పొట్లాలు వేశారు. పైన చిన్న వాటర్ ట్యాంకు, గ్యాస్ స్టవ్ ఉండేలా చూసుకోండి. కింద స్విచ్చులన్నీ ఎత్తుకి మార్చండి, మీటరు బోర్డు కూడా.

కాలవగట్టు
15 ఫిబ్రవరి, ఉదయం 7:30

అమ్మగారికి మోకాళ్ళు ఎలా ఉన్నాయి అన్నా? మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటనివ్వకండి. మేస్త్రీలు చోటు కలిసొస్తుందని ఏడున్నర వేసేస్తారు.

బెజవాడబాబు
22 జూన్ 2025, రాత్రి 9:15

నాలుగు నెలల తర్వాత వస్తున్నాను. మధ్యలో చాలామంది మెసేజ్ పెట్టారు, ఏమైంది అని.

టెస్టులు చేయించాం. ప్లింత్ బీమ్ లేదు, శ్రీను గారు అనుమానించినట్టే. ఇల్లు లేపే ఆయనకి ఆ మాట చెబితే ఏం ఫర్వాలేదన్నాడు. నష్టం జరిగితే బాధ్యత నాదేనని కాగితం మీద రాసిమ్మంటే మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. శ్లాబు ఒక మూల తప్ప బాగుంది. ఆ మూల బాత్రూమ్ పైది, పెచ్చులు తీసి ఇనుము శుభ్రం చేసి పూడ్చారు. పునాది మూడున్నర అడుగుల లోతు, నాన్న ఎక్కడా కక్కుర్తి పడలేదు.

ఇల్లు అమ్మేయలేదు, లేపించలేదు. పైన 400 అడుగుల్లో ఒక గది, వంటగట్టు, బాత్రూమ్. గోడలు లేచాయి, వచ్చే వారం శ్లాబు. తొమ్మిది లక్షల దగ్గర తేలేలా ఉంది. అందులో మూడు లక్షలు మా చెల్లెలు చిట్టి పెట్టుకుంది, వద్దన్నా వినలేదు. వాటా సంగతి ముగ్గురం కాగితం రాసుకున్నాం. కింద మాత్రం ఖర్చు తగ్గించేశాం. చెక్క అలమరలు లేవు, కడప రాతి అరలు. స్విచ్చులన్నీ ఆరున్నర అడుగుల ఎత్తులో. అమ్మకి అందవు, రిమోట్ ఫ్యాన్లు పెట్టాం.

మా ఆవిడకి పోరంకి ఫ్లాట్ పోయిందని కొంచెం కోపంగానే ఉంది. అది నేను చూసుకుంటాను.

రాజమండ్రి_చిట్టి
22 జూన్, రాత్రి 9:50

అన్నయ్య రాయనిది నేను రాస్తాను. మెట్లు మూడుసార్లు పగలగొట్టించాడు, ఆరంగుళాలు దాటాయని. మేస్త్రీ స్కేలు దాచేశాడు.

గాంధీనగర్_వాణి
23 జూన్, ఉదయం 8:40

మాది కూడా పిల్లర్లు లేని పాత ఇల్లే. టెస్టులు చేసినవాళ్ళ వివరాలు పంపగలరా?

బెజవాడబాబు
23 జూన్, ఉదయం 9:05

మెసేజ్ పెట్టానండీ చూడండి.

పద్మ_కూకట్‌పల్లి
23 జూన్, మధ్యాహ్నం 2:30

అమ్మగారు సంతోషంగా ఉన్నారా?

బెజవాడబాబు
23 జూన్, రాత్రి 10:00

రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని మేస్త్రీకి టీలు ఇస్తోంది అక్కా. ఒక్కటే గొడవ. తులసికోట కూడా పైకి తెద్దామంటే ఒప్పుకోవడం లేదు. మొన్న నీళ్ళలో పాత తులసి కుళ్ళిపోయింది, ఎదురింటివాళ్ళు ఇచ్చిన మొక్క పెట్టుకుంది. అది కిందే ఉంటుందట. వానాకాలంలో కుండీలో ఒక కొమ్మ గుచ్చి పైన పెట్టుకుంటానంది.

(కుండీ కొన్నాను.)